ముక్కుసూటిగా రాసే కన్సల్టెంటు మాట నిలవాలంటే ఏం సర్దుకోవాలి?

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు ప్రాజెక్టు రిపోర్టులు రాసిపెట్టే కన్సల్టెంట్లకు కొదవ లేదు. "ఈ వ్యాపారం ఈ లెక్కతో నడవదు" అని పదిమంది చదివేలా, సొంత పేరుతో రాసేవాళ్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. ఎందుకో అందరికీ తెలుసు. మిషన్ డీలరు, బ్యాంకువాళ్లు, ఆడిటరు, క్లయింటు ఒకరికొకరు ఎదురింటివాళ్లు. ఏరు దాటి పాతపట్నం వెళ్తే అక్కడ వాళ్ల వియ్యాలవారు. ఒకరి మీద రాస్తే నలుగురికి తగులుతుంది.

మెత్తగా రాస్తే ఎవరికీ పనికిరాదు. గట్టిగా రాస్తే ఫోన్లు మోగుతాయి, ఆ తర్వాత నోటీసులు. మాట పదును పోకుండా, పని కూడా పోకుండా ఉండడానికి ముందుగా కట్టుదిట్టం చేసుకోవాల్సినవి ఏమిటి? ధైర్యం గురించి వద్దు. కాగితాలు, డబ్బు, చట్టం, వాక్యం గురించి చెప్పండి.

ఖాతాపుస్తకం (బరంపురం)

డబ్బు దగ్గర మొదలుపెట్టండి. మంజూరైన లోనులో శాతం తీసుకునే మనిషి "ఈ ప్రాజెక్టు వద్దు" అని రాయలేడు. రాయడం సంగతి అటుంచండి, అలా ఆలోచించడమే మానేస్తాడు. శాతం పద్ధతిలో ప్రాజెక్టు ఎంత ఉబ్బితే ఫీజు అంత. అలాగే 28 లక్షల అవసరం 46 లక్షల రిపోర్టు అవుతుంది. లాభంలో శాతంగానో, పని ఫలించడాన్ని బట్టో ఫీజు తీసుకోవడాన్ని ప్రాక్టీసులో ఉన్న చార్టర్డ్ అకౌంటెంటుకు 1949 నాటి చట్టం, కొన్ని మినహాయింపులు తప్ప, వృత్తి దుష్ప్రవర్తన కింద పెట్టింది. మామూలు కన్సల్టెంటుకు ఆ చట్టం అంటదు. కొలబద్దగా మాత్రం బాగానే పనికొస్తుంది.

ఫీజు పనికి కట్టండి, ఫలితానికి కాదు. ఒప్పుకున్న రోజు సగం, ముసాయిదా (తుది అభిప్రాయం పేరా లేకుండా) ఇచ్చే ముందు 30 శాతం, తుది రిపోర్టు చేతిలో పెట్టే ముందు మిగిలిన 20. మీ అభిప్రాయం వాళ్లకు తెలిశాక వసూలు చేయాల్సిన రూపాయి మిగలకూడదు. మిగిలితే ఆ రూపాయి కోసమే తుది పేరా మెత్తబడుతుంది.

ఇంకొకటి. ఏడాది ఆదాయంలో పావు వంతు కన్నా ఎక్కువ ఒకే క్లయింటు నుంచి వస్తుంటే, ఆ రంగం గురించి మీరు రాసేది ఆయన ముందే చదివేసినట్టు లెక్క. అది ఎక్కడా రాసిపెట్టిన నియమం కాదు, నా కొలత. నెలజీతం లాంటి రిటైనర్లు రెండు తగ్గించుకుని, విడి పనులు ఆరు పెంచుకోవడం కష్టమే. వేరే దారి కనపడలేదు.

వంశధార ఒడ్డు (గుణుపురం)

ఖాతాపుస్తకం గారు డీలరు కమీషన్ మాట ఎత్తలేదు. అసలు జబ్బు అక్కడుంది. నాలుగు కంపెనీల యంత్రాలు పోల్చి రాస్తూ అందులో ఒకరి దగ్గర కమీషన్ ముట్టడం అంటే అది సలహా కాదు, ప్రకటన. 2022 జూన్‌లో వచ్చిన తప్పుదోవ ప్రకటనల మార్గదర్శకాల ప్రకారం, ఒక సరుకును మెచ్చుకునే మనిషికి ఆ కంపెనీతో ఉన్న లావాదేవీ చదువరికి తెలియాలి. డబ్బే కానక్కర్లేదు. ఉచిత యంత్రం, "ఫ్యాక్టరీ చూపిస్తాం రండి" అని తీసుకెళ్లే ప్రయాణం, బంధుత్వం కూడా లెక్కలోకి వస్తాయి. తప్పుదోవ ప్రకటనకు తొలిసారి 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేసే అధికారం కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు ఉంది. మెచ్చుకున్నవాళ్లను ఏడాది దాకా మరే ప్రకటనలోనూ కనపడకుండా ఆపగలదు కూడా.

చదువరికి చెప్పడం అంటే అడుగున చిన్న అక్షరాల్లో కాదు. మొదటి పేరా పైన, అదే సైజులో: "ఇందులో ప్రస్తావించిన మూడో కంపెనీకి 2023లో డబ్బు తీసుకుని పని చేశాను." అంతే. క్షమాపణలు అక్కర్లేదు.

కానుకల సంగతి ఆదాయపు పన్ను కూడా చూస్తుంది. 2022 జూలై 1 నుంచి వ్యాపార, వృత్తి సంబంధంగా ఏడాదిలో 20,000 రూపాయలు దాటిన ప్రయోజనం ఇస్తే ఇచ్చినవాళ్లు 10 శాతం పన్ను మినహాయించి కట్టాలి. కట్టారంటే అది మీ పాన్ మీద కనపడుతుంది. "నేనెవరి దగ్గరా ఏమీ తీసుకోలేదు" అని రాసిన మనిషికి ఆ ఒక్క ఎంట్రీ చాలు.

జీడిపిక్క (పర్లాకిమిడి)

లెక్క లేకుండా మాట పదును గురించి మాట్లాడితే గాల్లో మాట్లాడినట్టే. మన దగ్గర ఎక్కువ మంది అడిగే జీడి యూనిట్‌నే తీసుకోండి. రోజుకు 500 కిలోల పిక్క ఆడే సెట్టు, ఏడాదికి 300 రోజులు. రిపోర్టులో పప్పు దిగుబడి 28 శాతం అని వేస్తారు, అంటే 80 కిలోల బస్తాకు 22.4 కిలోలు. ఇది అబద్ధం కాదు. పిక్క కొనేటప్పుడు కోసి చూసే పరీక్షలో లోపలి గింజను పొరతోనే తూస్తారు. ఆ సంఖ్య 27, 28 రావచ్చు. డ్రయ్యర్లో తేమ పోయి, పొర ఊడాక డబ్బాలో పడేది బస్తాకు 19 కిలోల చిల్లర, అంటే 24 శాతం దగ్గర. కొనేవాడి పరీక్ష సంఖ్యను అమ్మేవాడి గడిలో వేశారు. తప్పు అక్కడ.

తేడా 4 శాతం. రోజుకు 20 కిలోలు. పప్పు సగటున కిలో 650 అనుకుంటే రోజుకు 13,000, ఏడాదికి 39 లక్షలు. రిపోర్టులో చూపించిన లాభం దాదాపు అంతే ఉంటుంది. లాభం గడి ఖాళీ.

రెండోది నడిపే పెట్టుబడి. మన పిక్క ఫిబ్రవరి నుంచి మే దాకా వస్తుంది. 15 లక్షలు చేతిలో ఉండి పిక్క కిలో 120 అయితే 12,500 కిలోలు, అంటే 25 రోజులు ఆడించడానికే సరిపోతుంది. ఆ పప్పు అమ్ముడై డబ్బు తిరిగొచ్చే లోపు సీజన్ జారిపోతుంది. తర్వాత పలాస షావుకార్ల గోదాములోంచి వాళ్లు చెప్పిన ధరకు కొనాలి. 300 రోజులు ఎక్కడివి?

ఇంత లెక్క కళ్ల ముందు పెట్టాక "ఈ రిపోర్టుతో లోను తీసుకోవద్దు" అనే మాట కటువుగా ఉండదు. లెక్క పెట్టకుండా అంటే తిట్టులా ఉంటుంది.

మువ్వన్నెల గొడుగు (రాయగడ)

జీడిపిక్క గారూ, బాగుంది. కానీ అన్ని రంగాల్లో అంత శుభ్రమైన లెక్క దొరకదు. పీఎంఈజీపీ (కొత్త యూనిట్లకు లోను మీద సబ్సిడీ ఇచ్చే కేంద్ర ఉపాధి పథకం) గురించి రాసేటప్పుడు సబ్సిడీ మాట కూడా అంత గట్టిగానే చెప్పాలి. తయారీ యూనిట్‌కు పరిమితి 50 లక్షలు, ప్రత్యేక వర్గాలకు పల్లెలో 35 శాతం. ఆ 17.5 లక్షలు చేతికొస్తాయని చాలామంది అనుకుంటారు. రావు. బ్యాంకులో మూడేళ్లు డిపాజిట్‌గా కూర్చుంటాయి. దాని మీద వడ్డీ ఇవ్వరు, అంత మేర లోను మీద వడ్డీ వేయరు. యూనిట్ నడుస్తోందని తనిఖీలో తేలాకే లోనుకు జమ. దరఖాస్తుకు ఫీజు లేదు. ఈ నాలుగు ముక్కలు రాస్తే చాలు, మధ్యవర్తులకు కోపం వస్తుంది. ఉన్నమాటంటే ఉలుకెక్కువ.

నా అభిప్రాయం ఏటంటే, పేరు మాత్రం రాయకండి. పేరు లేకపోతే కేసు లేదు.

నల్లకోటు (బరంపురం)

> పేరు లేకపోతే కేసు లేదు.

ఇది తప్పు, చాలామందిని ముంచిన తప్పు. పేరు లేకపోయినా చదివినవాళ్లు ఫలానా అని గుర్తుపట్టగలిగితే పరువు నష్టం కిందకి వస్తుంది. కంపెనీకి, సంఘానికి కూడా ఈ హక్కు ఉంది. "కాశీనగర్ రోడ్డులో జీడి మిషన్లు అమ్మే ఆయన" అని రాస్తే అక్కడ ఒక్కరే ఉంటే అది పేరు రాసినట్టే.

2024 జూలై 1 నుంచి వచ్చిన రాతలకు పాత శిక్షాస్మృతి ఐపీసీలోని 499, 500 కాదు, భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 356. గరిష్ఠంగా రెండేళ్ల సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. కొత్తగా సమాజసేవ శిక్ష కూడా చేర్చారు. పోలీసులు వారంటు లేకుండా అరెస్టు చేసే నేరం కాదు, పరువు పోయిందనుకున్నవాళ్లు మేజిస్ట్రేటు దగ్గర ఫిర్యాదు వేయాలి. క్రిమినల్ పరువు నష్టం రాజ్యాంగబద్ధమేనని సుప్రీంకోర్టు 2016లో తేల్చేసింది కాబట్టి ఆ వాదన మీద ఆశ పెట్టుకోవద్దు.

మినహాయింపుల్లో మనకు పనికొచ్చేవి మూడు. మొదటిది, రాసింది నిజం, రాయడం ప్రజల మేలుకు. క్రిమినల్ కేసులో ఒట్టి నిజం చాలదు, ప్రజల మేలు కూడా చూపించాలి. తొమ్మిదోది, తన లేదా ఇతరుల ప్రయోజనం కాపాడడానికి సద్భావంతో అన్నది. పదోది, వినేవాళ్ల మేలు కోరి చేసిన హెచ్చరిక. ఇక్కడ సద్భావం అంటే మంచి మనసు కాదండీ. తగిన జాగ్రత్త తీసుకోవడం. మీరు లెక్క సరిచూశారా, అవతలివాళ్లను అడిగారా, కాగితం చూశారా అన్నదే ప్రశ్న. ఇందాకటి జీడి లెక్క విలువ అక్కడ తెలుస్తుంది.

సరిహద్దు వాళ్లకు ఒక ముక్క. మీరు గజపతి జిల్లాలో, డీలరు శ్రీకాకుళం జిల్లాలో ఉంటే సివిల్ దావా ఆయన తన ఊళ్లోనే వేసుకోవచ్చు, నష్టం అక్కడ జరిగిందని చూపిస్తే. గడువు రాత వెలువడిన రోజు నుంచి ఏడాది. క్రిమినల్ ఫిర్యాదైతే, నిందితుడు తన పరిధి బయట ఉన్నప్పుడు మేజిస్ట్రేటు సమన్లకు ముందు విచారణ చేయాలి. కేసులు నడిపే పద్ధతి చెప్పే కొత్త చట్టం, భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారం ఫిర్యాదును స్వీకరించక ముందే నిందితుడి మాట కూడా వినాలి. ఆ అవకాశానికి కాగితాలు సిద్ధంగా ఉంచుకోండి.

మువ్వన్నెల గొడుగు (రాయగడ)

ఒప్పుకున్నాను. పేరు సంగతి వెనక్కి తీసుకుంటున్నా. మరి రాయాలా, వద్దా?

నల్లకోటు (బరంపురం)

బహిరంగంగా పంచిన కొటేషన్, ప్రకటన, కరపత్రం గురించైతే పేరు రాయొచ్చు. ఆ కాగితంలో ఉన్నదాని వరకే. పని ఒప్పందంలో చేతికొచ్చిన కాగితమైతే పేరు, ఊరు రెండూ వద్దు.

ఇంకా ముఖ్యం మాట ఎంపిక. మన భాషలో "మోసం" సులువుగా దొర్లుతుంది. ఇరుగుపొరుగు మాటల్లో దాని బరువు తక్కువ. దావాలో ఇంగ్లీషులోకి మారేటప్పుడు అది నేరం పేరు అవుతుంది. దొంగలెక్క, ముంచాడు, బ్రోకరుగాడు, లంచం, ఇవన్నీ అంతే. అవి అవతలివాళ్ల ఉద్దేశం గురించి చెప్పే మాటలు. ఉద్దేశం మీరు రుజువు చేయలేరు. "24 పడాల్సిన చోట 28 పడింది" అన్నది రుజువు చేయగలరు.

వంశధార ఒడ్డు (గుణుపురం)

క్లయింటు రహస్యం సంగతి ఎవరూ విడమరచలేదు. పేరు మార్చేశాం కదా అనుకోవడం పెద్ద ఊళ్లకు చెల్లుతుందేమో. గుణుపురంలో "ఒక రైసు మిల్లు, రెండో తరం యజమాని, కొత్తగా సార్టెక్స్ (రంగు మారిన బియ్యం ఏరే యంత్రం) పెట్టారు" అంటే టీకొట్లో కూర్చున్నవాళ్లంతా పేరు చెప్పేస్తారు. సరుకు, ఊరు, పరిమాణం, సమయం, కుటుంబం అనే ఐదు ఆనవాళ్లలో ఒక్కటే నిజంగా ఉంచండి, మిగతావి తీసేయండి. మార్చకండి, తీసేయండి. మారిస్తే ఆ మార్చిన ఆనవాలు ఇంకెవరికో అతుక్కుంటుంది, ఆయన వచ్చి తలుపు తడతాడు. ఒక పూర్తి సీజన్ గడవక ముందు ఏదీ రాయొద్దు.

ఒప్పందంలో పెట్టాల్సిన మాటలు ఇలా ఉండొచ్చు: "ఈ పనిలో తెలిసిన అంకెలు, ధరలు, పేర్లు మీ అనుమతి లేకుండా బయటపెట్టను. ఈ రంగం గురించి, బహిరంగంగా దొరికే సమాచారం మీద నా అభిప్రాయం రాసే హక్కు నాకుంది. ఆ రాతలు ముందుగా ఎవరికీ చూపించను." మూడో వాక్యం చూసి ముఖం మాడ్చుకునే క్లయింటు ఎవరో సంతకానికి ముందే తెలిసిపోతుంది.

పెద్ద కంపెనీల ఒప్పందాల్లో చివరి పేజీలో ఇంకో మాట ఉంటుంది: "కంపెనీకి నష్టం కలిగించే ఏ వ్యాఖ్యా, ఎప్పుడూ, ఎక్కడా చేయరాదు." ఎప్పుడూ అన్న చోట రెండేళ్లు అని, ఏ వ్యాఖ్యా అన్న చోట ఈ పనిలో తెలిసిన విషయాలపై వ్యాఖ్య అని కొట్టేసి రాసి, పక్కన సంతకం పెట్టించండి. మొహమాటపడి వదిలేస్తే అది రంగం మొత్తానికి వేసిన తాళం. మొహమాటానికి పోతే ఏమవుతుందో సామెత ఉంది, ఇక్కడ రాయలేను.

ఖాతాపుస్తకం (బరంపురం)

ఒక తేడా చెప్పాలి. అభిప్రాయం ముందుగా చూపించొద్దు అన్నది సరే. అంకె మాత్రం ముందుగా అడగాల్సిందే. ముసాయిదా పంపకండి, ప్రశ్న పంపండి. "మీ కొటేషన్ రెండో పేజీలో దిగుబడి 28 శాతం అని ఉంది. ఇది పొరతోనా, పొర తీశాకనా? ఈ నెల 20 లోగా చెప్పగలరు." ఏడు రోజుల గడువు ఇవ్వండి. జవాబు "పొరతోనే" అని వస్తే రాయాల్సిన వ్యాసం సగం అయిపోయినట్టే. జవాబు రాకపోతే ఆ సంగతీ తేదీతో రాయండి. వచ్చిన జవాబు మీ లెక్కను కొట్టేస్తే మీ పరువు దక్కింది. ముసాయిదా పంపితే మాత్రం ఆ వారం రోజులూ బేరాలు నడుస్తాయి, మధ్యలో మేనమామ దిగుతాడు.

చిల్లరకొట్టు (కాశీనగర్)

మారుపేరుతో రాస్తే ఈ తలనొప్పులన్నీ ఉండవు కదా?

ఖాతాపుస్తకం (బరంపురం)

చిల్లరకొట్టు గారూ, కన్సల్టెంటుకు ఉన్న సరుకల్లా పేరే. పేరు లేని గట్టి మాటను పోటీదారుడు రాయించాడనుకుంటారు. కోర్టు అడిగితే పేరు బయటికొస్తుంది, అప్పుడు దాక్కున్నాడన్న మచ్చ అదనం.

నల్లకోటు (బరంపురం)

నోటీసు వచ్చినప్పుడు జరిగే తప్పులు కూడా చెప్పేస్తాను. మొదటిది, అదే రాత్రి రాత తీసేయడం. తీసేస్తే ఒప్పుకున్నట్టు చదువుతారు. అంకె నిజంగా తప్పైతే వేరే సంగతి. అప్పుడు దాచకుండా పైన తేదీతో సవరణ పెట్టి, పాత అంకె కనపడేలా కొట్టివేత గీత గీయండి. రెండోది, ఫోనులో మాట్లాడడం. "అబ్బే, మిమ్మల్ని అనలేదండీ" అని మర్యాదకు అన్న మాట రికార్డు అవుతుంది. మూడోది, నోటీసు గురించి మళ్లీ గట్టిగా రాయడం. అది కొత్త రాత, దానికి కొత్త ఏడాది గడువు.

చేయాల్సింది: నోటీసు కవరు మీద తపాలా ముద్రతో సహా భద్రపరచండి. మీరు ఆధారపడిన కొటేషన్, మెయిళ్లు, అడిగిన ప్రశ్న, వచ్చిన జవాబు ఒకచోట పెట్టండి. డిజిటల్ కాగితం కోర్టులో నిలవాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 2023, సెక్షన్ 63 కింద ధ్రువపత్రం కావాలి. అందులో ఆ ఫైలు హాష్ విలువ (ఫైలు మారలేదని చూపే, వేలిముద్ర లాంటి గుర్తు) కూడా రాయాలి. ఫోనులో తీసిన స్క్రీన్‌షాట్ ఒక్కటే ఉంటే ఇబ్బంది, అసలు ఫైలు వచ్చిన పరికరాన్ని అమ్మేయకండి. నోటీసులో 7 రోజులు, 15 రోజులు అని రాస్తారు. అది అవతలి వకీలు పెట్టిన గడువే, చట్టం పెట్టింది కాదు. అయినా ఆ లోపు వకీలు చేత చిన్న జవాబు ఇప్పించడమే మంచిది.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

ఇంతవరకూ వచ్చినవన్నీ పెట్టి ఒక పేరా రెండు రకాలుగా రాస్తే ఎలా ఉంటుంది? మొదటిది మన ఊళ్లలో మామూలుగా రాసేది: "జీడి మిషన్ల పేరుతో కుర్రాళ్లను నిలువునా ముంచుతున్నారు. ఆ మిషన్లు దండగ. జాగ్రత్త!"

జీడిపిక్క (పర్లాకిమిడి)

రెండోది నేను రాస్తాను.

"ఈ యంత్రాల కంపెనీలతో నాకు లావాదేవీ లేదు. రోజుకు 500 కిలోల సెట్టుకు ఇస్తున్న కొటేషన్లో దిగుబడి 28 శాతం అని ఉంది. అది పొరతో తూచిన సంఖ్య. పొర, తేమ పోయాక 24 దగ్గర పెట్టి చూస్తే, పప్పు కిలో 650 లెక్కన ఏడాదికి 39 లక్షలు తగ్గుతాయి, లాభం మిగలదు. ఈ 28తో వేసిన రిపోర్టుతో లోను తీసుకోవద్దు. సీజన్ పిక్క 10 బస్తాలు ఆడించి, పొర తీసి, తూచి 220 కిలోల పప్పు చూపిస్తే ఈ మాట మార్చుకుని ఇక్కడే రాస్తాను."

మొదటి దానికన్నా ఇదే గట్టిగా తగులుతుంది. పైదాంట్లో ఎవరినీ ఏమీ అడగడానికి లేదు. దీంట్లో డీలరు చేయాల్సిన పని స్పష్టంగా ఉంది, 10 బస్తాలు తెచ్చి ఆడించడం.

వంశధార ఒడ్డు (గుణుపురం)

"లావాదేవీ లేదు" అన్న చోట "గత మూడేళ్లలో" అని చేర్చండి. ఎప్పుడో ఒక బిల్లు బయటపడితే వాక్యం మొత్తం కూలుతుంది. 650 అన్నది ఏ నెల ధరో, ఏ గ్రేడుల సగటో కూడా రాయాలి. గుండు, బద్ద, ముక్క ధరలు ఒకటి కావు. ముక్క ఎక్కువ పడే సెట్టుకు సగటు అంతకన్నా దిగువనే ఉంటుంది.

జీడిపిక్క (పర్లాకిమిడి)

నిజమే. సవరించి, గుండు బద్ద ముక్క విడివిడిగా వేసిన పట్టిక రేపు పెడతాను.